ఎక్సుమాస్‌లో మా బోటు మీదకి ఫ్రెండ్ వస్తోంది – ఎక్కడ ఎక్కించుకోవాలి, ముందే ఏమేం చెప్పాలి?

తెరచాప_సంసారం
అందరికీ నమస్కారం అండీ. మేము ఈ శీతాకాలం అంతా బహామాస్‌లోనే ఉన్నాం, 38 అడుగుల సెయిల్ బోటు, నేనూ మా ఆయనా ఇద్దరమే. ఇప్పుడు ఎక్సుమా దీవుల్లో వార్డెరిక్ వెల్స్ దగ్గర మూరింగ్ మీద, అంటే నీటి అడుగున బిగించిన తాడుకి కట్టుకుని ఉన్నాం, మెల్లగా దక్షిణానికి దిగుతున్నాం. విషయం ఏంటంటే గుంటూరు హాస్టల్లో నాలుగేళ్ళు నా రూమ్మేట్‌గా ఉన్న ఫ్రెండ్ మార్చిలో మా దగ్గరికి వస్తానంది, ఇప్పుడు షార్లెట్‌లో ఉంటోంది, గ్రీన్ కార్డ్ ఉంది. దానికి ఈత బాగా వచ్చు గానీ పడవ మీద ఒక్క రాత్రి కూడా పడుకున్న మనిషి కాదు. వాళ్ళ తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, అతను హెచ్1బి మీద ఉన్నాడు.

దాని కోరికలు చూడండి. జార్జ్‌టౌన్‌లో విమానం దిగాలి, స్టాకింగ్ ఐలండ్ బీచ్ చూడాలి, అక్కణ్ణించి మాతో సెయిల్ చేసుకుంటూ స్టానియెల్ కే వచ్చి బిగ్ మేజర్‌లో ఈదే పందుల్ని, థండర్‌బాల్ గుహని చూసి, స్టానియెల్ నుంచే చిన్న విమానంలో నాసౌ వెళ్ళి ఇంటికెళ్ళిపోవాలి. అంతా ఒక్క వారంలో. టికెట్లు ఇంకా కొనలేదు, నన్ను అడిగి కొంటానంది. ఇన్నేళ్ళ తర్వాత వస్తోంది కాబట్టి దేనికీ కాదనాలని లేదు, కానీ మార్చి గాలుల సంగతి తెలుసు కాబట్టి భయంగానూ ఉంది. మీలో అతిథుల్ని ఎక్కించుకున్నవాళ్ళు, అతిథులుగా వెళ్ళినవాళ్ళు మీ అనుభవం చెప్పండి ప్లీజ్.

లంగరు_వేశాం
అమ్మా, టికెట్ కొనకముందే అడిగారు, చాలా మంచి పని. మనలా బోట్ల మీదే తిరిగే క్రూయిజర్లందరూ అనే మాట ఒకటుంది, ఎక్కడికి రావాలో చెప్పగలం, లేదా ఎప్పుడు రావాలో చెప్పగలం, రెండూ కలిపి మాత్రం చెప్పలేం అని. మీ ఫ్రెండ్ ప్లాన్‌లో రెండు చోట్లు, రెండు తేదీలు, నాలుగూ గట్టిగా బిగించేసి ఉన్నాయి. వాటిలో కనీసం రెండు వదలాలి.

ఎందుకంటే, మార్చిలో ఉత్తరం నుంచి కోల్డ్ ఫ్రంట్లు, అంటే చల్లగాలి దండులు, ఇంకా వస్తూనే ఉంటాయి. ఫ్రంట్ వచ్చే ముందు తూర్పు, ఆగ్నేయ గాలి మెల్లగా దక్షిణానికి తిరుగుతుంది, తర్వాత నైరుతి, పడమర, అటు తర్వాత వాయవ్యం నుంచి ఒక్కసారిగా గట్టిగా కొడుతుంది, ఆపైన రెండు మూడు రోజులు ఈశాన్యం. ఎక్సుమా దీవుల వరసలో మనం లంగరు వేసేది ఎక్కువగా పడమటి పక్క, బ్యాంక్ అనే లోతు తక్కువ నీళ్ళ వైపు. మామూలు తూర్పు గాలికి అక్కడ దీవి అడ్డం ఉంటుంది, హాయిగా ఉంటుంది. పడమటి గాలి వచ్చిందంటే అడ్డమేమీ లేదు, వెనకాలే తీరం. బిగ్ మేజర్ కూడా అంతే, పడమటికి పూర్తిగా తెరిచి ఉంటుంది.

ఇంక కట్‌ల సంగతి, అంటే దీవుల మధ్య సందులు. బ్యాంక్ మీద నీళ్ళు మూడు నాలుగు మీటర్లు, అవతల తూర్పున ఎక్సుమా సౌండ్ అనే సముద్రం ఒక్కసారిగా అగాధం. ఆటుపోట్లలో లేచేది మీటరు లోపే అయినా అంత పెద్ద బ్యాంక్ మీది నీళ్ళన్నీ దీవుల మధ్య ఆ ఇరుకు సందుల్లోంచే పోవాలి. పాటు నీళ్ళు తూర్పుకి పరుగెడుతున్నప్పుడు ఎదురుగా గట్టి తూర్పు గాలి ఉంటే కట్‌లో అలలు నిలువుగా లేస్తాయి, అనుభవం ఉన్నవాళ్ళు కూడా అప్పుడు దాటరు. జార్జ్‌టౌన్ నుంచి స్టానియెల్ 50 నాటికల్ మైళ్ళకి పైనే, సౌండ్‌లోకి ఒక కట్‌లో బయటికి పోవాలి, ఇంకో కట్‌లో లోపలికి రావాలి. మంచి రోజైతే పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరతారు. ఆ మంచి రోజు మీ ఫ్రెండ్ సెలవుల్లోనే వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

నా సలహా ఒకటే, జార్జ్‌టౌన్‌లోనే దిగాలి, జార్జ్‌టౌన్ నుంచే ఎక్కాలి. మీరు తను వచ్చే ముందే, కనీసం నాలుగైదు రోజుల ముందు అక్కడికి చేరి ఎలిజబెత్ హార్బర్‌లో కూర్చోండి. స్నేహితుల విమానం అందుకోవాలని చెడు వాతావరణంలో బయల్దేరిన బోట్ల కథలు ప్రతి హార్బర్‌లోనూ వింటాం, మీరు ఆ పని చేయొద్దు.

వీసా_పంతులు
@తెరచాప_సంసారం గారూ, సముద్రం సంగతి నాకు తెలీదు గానీ తమ్ముడి సంగతి వెంటనే చూడండి. గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్‌కి పెద్ద ఇబ్బంది లేదు, 30 రోజుల లోపు అయితే బహామాస్ వీసా అడగరు, పాస్‌పోర్టూ కార్డూ రెండూ ఒరిజినల్స్ దగ్గర ఉండాలి. తమ్ముడికి మాత్రం పాస్‌పోర్టులో హెచ్1బి స్టాంపు ఇంకా చెల్లుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. చాలామంది మనవాళ్ళు స్టాంపు అయిపోయినా ఐ-797 అప్రూవల్ పేపరుతో కెనడా, మెక్సికో వెళ్ళొచ్చేస్తారు, 30 రోజుల లోపు అయితే ఆటోమాటిక్ రీవాలిడేషన్ కింద రానిస్తారు. అదే రూల్ బహామాస్‌కి కూడా ఉందనుకుంటారు. హెచ్1బి వాళ్ళకి లేదు. పక్క దీవులకి ఆ సౌకర్యం ఉన్నది ఎఫ్ (చదువు), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్ళకే. స్టాంపు అయిపోయిన హెచ్1బి మనిషి నాసౌ వెళ్తే మళ్ళీ కొత్తగా స్టాంపింగ్ అయ్యేదాకా అమెరికా తిరిగి రాలేడు, ఉద్యోగం సంగతి దేవుడెరుగు.

ఇంకోటి, విమానం దిగే చోటే రిటర్న్ టికెట్ అడుగుతారు. "మా ఫ్రెండ్ బోటు మీద వెళ్ళిపోతా" అంటే కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి అర్థం కాదు. రిటర్న్ టికెట్, మీ బోటు పేరు, మీ క్రూయిజింగ్ పర్మిట్ (బోటు బహామాస్‌లో తిరగడానికి ఇచ్చే అనుమతి) కాపీ, ఈ మూడూ ఫోన్లో పెట్టుకోమనండి.

తెరచాప_సంసారం
@వీసా_పంతులు గారూ, మీకు చేతులెత్తి దండం. ఇప్పుడే ఫోన్ చేశాను, అతని స్టాంపు నిరుడే అయిపోయిందట, ఐ-797తో వచ్చేయొచ్చనే అనుకుంటున్నాడు! వద్దని గట్టిగా చెప్పాను. తను ఒక్కతే వస్తుంది.

@లంగరు_వేశాం అన్నయ్యా, మీరు చెప్పింది మా ఆయన కూడా ఒప్పుకున్నాడు. జార్జ్‌టౌన్ రానూపోనూ. కానీ పందుల సంగతేంటి, అది ఆ ఫోటో చూసే కదా ఇంత ఆశపడింది.

కోనసీమ_పిల్ల
నేను అతిథిగా వెళ్ళినదాన్ని, మా పిన్ని కూతురు వాళ్ళ బోటు మీద కరేబియన్‌లోని గ్రెనడీన్స్ దీవుల్లో ఉన్నాను, కాబట్టి ఎక్కేవాళ్ళ వైపు నుంచి చెప్తా. వెళ్ళకముందు నాకు అందరూ టర్టిల్స్ గురించి, అక్కడి టొబేగో కేస్ నీళ్ళ రంగు గురించి చెప్పారు, బాత్రూమ్ గురించి ఎవ్వరూ చెప్పలేదు. అక్కా, దయచేసి బాత్రూమ్ గురించి ముందే ఫోన్లో చెప్పేయండి, సిగ్గుపడకండి. చేత్తో పంపు కొట్టాలని, లివర్ ఎటు తిప్పితే నీళ్ళు లోపలికొస్తాయో ఎటు తిప్పితే బయటికి పోతాయో, తిన్నది తప్ప ఇంకేదీ అందులో వెయ్యకూడదని, ప్యాడ్లు, వైప్స్ అస్సలు వెయ్యకూడదని. మనకి నీళ్ళు వాడే అలవాటు కదా, అది బోటు మీద నిజానికి మంచిదే, పేపరు వెయ్యకపోతే గొట్టాలు మూసుకుపోవు. మా అక్క వాళ్ళు చిన్న చేతి షవర్ పెట్టించారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండోది జుట్టు. నాది నడుం దాకా ఉంటుంది. షవర్ నీళ్ళు పోయే చోట చిన్న పంపు ఉంటుందట, వెంట్రుకలు చుట్టుకుంటే అది ఆగిపోతుంది. స్నానం వెనక డెక్ మీద, సముద్రంలో మునిగి సబ్బు రాసుకుని చివర్లో రెండు చెంబుల మంచినీళ్ళు పోసుకోవడం. మొదటి రోజు ఏదోలా ఉంది, తర్వాత నాకు ఇంట్లో షవరే నచ్చలేదు. జడ గట్టిగా వేసుకుని ఉంటే గాలికి చిక్కులు కూడా పడవు.

మూడోది, రాత్రి చప్పుళ్ళు. లంగరు గొలుసు రాళ్ళ మీద గరగరమంటుంది, తాళ్ళు మాస్టుకి, అంటే తెరచాప స్తంభానికి కొట్టుకుంటాయి, గాలి తిరిగితే బోటు మొత్తం తిరుగుతుంది. ఏ చప్పుడు మామూలుదో ఏ చప్పుడుకి వాళ్ళు లేస్తారో చెప్తే చాలు, నిద్ర పడుతుంది. మా బావగారు మొదటి రాత్రే నన్ను ముందుకి తీసుకెళ్ళి గొలుసు మీద చెయ్యి పెట్టించి, ఈ వణుకు ఉంటే లంగరు జారుతున్నట్టు, లేకపోతే పట్టుకుంది అని చూపించారు. ఆ ఒక్క నిమిషం నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

చక్రాల సూట్‌కేసు తేవద్దనండి, దాన్ని దాచే చోటు బోటులో ఎక్కడా ఉండదు. మడత పెట్టే మెత్తటి బ్యాగు. నేను తీసుకెళ్ళిన బట్టల్లో సగం కూడా వాడలేదు, పొడుగు చేతుల ఈత చొక్కా మాత్రం రోజూ వేసుకున్నాను.

గ్రెనడా_డాక్టర్
గ్రెనడీన్స్ పేరు విని ఆగాను. 2024 జులై 1న బెరిల్ తుఫాను అక్కడి కారియాకూ, యూనియన్ ఐలండ్లని నేలమట్టం చేసింది, అంతకుముందు చూసినవాళ్ళు ఇప్పుడు వెళ్తే గుర్తుపట్టలేరు, మళ్ళీ కట్టుకుంటున్నారు. వెళ్ళేవాళ్ళు అక్కడి దుకాణాల్లోనే కొనండి, అక్కడే భోంచెయ్యండి.

ఇక కడుపులో తిప్పడం గురించి. మందు వాంతి మొదలయ్యాక పనిచేయదు, కదలకముందే వేసుకోవాలి. అమెరికాలో మామూలుగా దొరికేది మెక్లిజిన్, ముందు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ ప్యాచ్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది, నోరు ఎండిపోతుంది, గ్లకోమా ఉన్నవాళ్ళు వాడకూడదు, అంటించాక చేతులు కడుక్కోవాలి, ఆ వేలు కంట్లో తగిలితే చూపు మసకబారుతుంది. సెయిలర్లు ఎక్కువ ఇష్టపడేది స్టూజెరాన్, అంటే సినరిజిన్. అది అమెరికాలో అమ్మరు, ఇండియాలో మందుల షాపుల్లో దొరుకుతుంది, ఎవరైనా హైదరాబాదు నుంచి వస్తుంటే తెప్పించుకోమనండి. మన ఇళ్ళల్లో తిరుమల ఘాట్ రోడ్డుకి వేసుకునే అవోమిన్ కూడా పనిచేస్తుంది గానీ బాగా నిద్రమత్తు తెస్తుంది, ఆ మత్తులో డెక్ మీద నడవకూడదు. ఏ మందైనా ఇంట్లో ఒక సెలవు రోజున వేసుకుని చూడాలి, ఒంటికి పడుతుందా లేదా తెలుస్తుంది. ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే వాళ్ళ డాక్టర్‌ని అడగాలి.

తిప్పుతుంటే కిందికి, క్యాబిన్‌లోకి పంపకండి. బయట కూర్చోబెట్టి, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడమని, చుక్కాని చేతికివ్వండి. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి తక్కువ తిప్పుతుంది. ఖాళీ కడుపు ఇంకా చేటు, బిస్కెట్టో మరమరాలో ఏదో ఒకటి నములుతూ ఉండాలి.

లంగరు_వేశాం
డాక్టర్ గారి మాటకి తోడు, మొదటి రోజు ఎక్కడికీ కదలకండి. విమానం దిగిన మనిషిని ఆ సాయంత్రమే సౌండ్‌లోకి తీసుకెళ్ళడం అన్యాయం. ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరంగా దూరంలో ఉంది, టాక్సీలో వచ్చి ఎక్సుమా మార్కెట్ వెనక లేక్ విక్టోరియాలో డింగీ డాక్ (బోటు నుంచి ఒడ్డుకి తిరిగే చిన్న పడవల గట్టు) దగ్గర దిగుతుంది. అక్కణ్ణించి మీ డింగీలో ఆ చిన్న వంతెన కింద సందులోంచి హార్బర్‌లోకి రావాలి. స్టాకింగ్ ఐలండ్ అవతలి ఒడ్డున ఉంటుంది, గాలి ఉంటే డింగీలో అందరూ తల నుంచి కాలి దాకా తడుస్తారు. పాస్‌పోర్టు, ఫోన్ నీళ్ళు పోని సంచీలో, బ్యాగుల మీద పెద్ద ప్లాస్టిక్ కవర్లు. లేదంటే ఆ ఒక్క రాత్రి బోటుని ఊరి వైపే, కిడ్ కోవ్‌లో పెట్టుకోండి, దగ్గరవుతుంది.

పందుల గురించి నాది గట్టి అభిప్రాయం. జార్జ్‌టౌన్ ఉన్న గ్రేట్ ఎక్సుమా దీవి నుంచి స్టానియెల్‌కి రోజువారీ టూర్ స్పీడ్ బోట్లు ఉన్నాయి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు, పందులూ గుహా నర్స్ షార్కులూ అన్నీ చూపిస్తారు. ఖరీదెక్కువే, కానీ మీ బోటుని రెండు కట్‌లు దాటించి మళ్ళీ వెనక్కి తెచ్చేకంటే అదే నయం. పందులకి ఇసుక మీద తిండి వెయ్యొద్దని చెప్పండి, 2017లో కొన్ని పందులు చనిపోయినప్పుడు కడుపుల్లో ఇసుక దొరికింది. నీళ్ళల్లోనే వెయ్యాలి, అదీ అక్కడివాళ్ళు సరే అంటేనే. గుహలోకి పాటు చివర్లో, నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడే వెళ్ళాలి, మిగతా వేళల్లో ప్రవాహం లాగేస్తుంది.

విశాఖ_రేవు
అమ్మా, నేను నేవీలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. అతిథి బోటెక్కగానే కాఫీ ఇవ్వకముందే చెప్పాల్సినవి చెప్తాను, ఇవి మొహమాటపడి వాయిదా వెయ్యకూడదు.

లైఫ్ జాకెట్ చూపించి తనకి సరిపోయేలా బిగించి ఒకసారి వేయించాలి. రేడియో ఎలా ఆన్ చెయ్యాలి, ఛానల్ 16 మీద బోటు పేరు, ఎక్కడున్నామో, ఏం ప్రమాదమో ఎలా చెప్పాలో కాగితం మీద తెలుగులో రాసి రేడియో పక్కన అంటించండి. మీరిద్దరూ నీళ్ళల్లో ఉండి మూడో మనిషి ఒక్కతే బోటు మీద ఉండే పరిస్థితి వస్తుంది, అప్పుడు ఇంజను ఎలా ఆపాలో, తాడు ఎలా విసరాలో, ఈత నిచ్చెన ఎలా దించాలో తనకి తెలిసి ఉండాలి. మనిషి నీళ్ళల్లో పడితే చూపు తిప్పకుండా వేలు అటే చూపిస్తూ ఉండడం ఒక్కటే తన పని. గ్యాస్ వాల్వు వంట అయ్యాక కట్టెయ్యాలి. డింగీలో ఇంజను కిల్ కార్డ్ (మనిషి పడిపోతే ఇంజను ఆపేసే తాడు) మీ ఆయన మణికట్టుకి ఉందో లేదో తను కూడా గమనించి అడగాలి.

వేళ్ళు, కాళ్ళు. లంగరు గొలుసు దగ్గర, తాళ్ళు బిగించే వించ్ దగ్గర చేతులు పెట్టకూడదు. బోటు ఏదైనా గట్టుకో ఇంకో బోటుకో తగలబోతుంటే కాలడ్డం పెట్టకూడదు. ఇది అందరూ చేస్తారు, చాలా మంచి ఉద్దేశంతో చేస్తారు, టన్నుల బరువుకి కాలు అడ్డం పెడతారు.

ఇంకో మాట. ఆడపిల్లలకి సముద్రం ఎందుకని మీ ఫ్రెండ్ ఇంట్లో ఎవరైనా అంటే ఐఎన్ఎస్‌వీ తారిణి గురించి చెప్పండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చారు ఆరుగురు మహిళా అధికారులు, భూమి చుట్టూ తెరచాపల మీద. అందులో ఇద్దరు మన తెలుగువాళ్ళు, విశాఖ నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. వాళ్ళు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ కూడా చుట్టి వచ్చారు.

పులుసు_ప్రియుడు
వంట గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే మొదలెడతా, అతిథి మర్యాదంటే అదే కదా. జార్జ్‌టౌన్‌కి వారానికోసారి నాసౌ నుంచి మెయిల్ బోటు వస్తుంది, కూరగాయలూ పాలూ గుడ్లూ దాని మీదే. అది వచ్చిన మర్నాడు అంగడికెళ్తే అన్నీ ఉంటాయి, రాకముందు రోజు వెళ్తే ఉల్లిపాయలు, క్యాబేజీ మాత్రమే మిగులుతాయి. ఫ్రెండ్ వచ్చే రోజుకీ మెయిల్ బోటుకీ లెక్క చూసుకోండి. బహామా డాలరు అమెరికా డాలరుకి సమానం, ఏది ఇచ్చినా తీసుకుంటారు.

ప్రెషర్ కుక్కరు ఎలాగూ ఉంటుంది మీ దగ్గర, గ్యాస్ ఆదా, అల ఊపుకి మూత ఊడదు. ఇడ్లీ పిండి ఆ వేడికి రాత్రికి రాత్రే పొంగుతుంది, గిన్నె సగమే నింపండి.

చేపల సంగతి జాగ్రత్త. సౌండ్‌లో గాలం వెనక లాగుతూ వెళ్తే మాహీ అనే చేప పడుతుంది, దాంతో చింతపండు పులుసు పెడితే మన కొరమీను గుర్తు రాదు, అంత బాగుంటుంది, ముక్క త్వరగా ఉడుకుతుంది కాబట్టి పులుసు బాగా మరిగాక చివర్లో వెయ్యాలి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పాలి. కానీ బ్యారకూడా పడితే వదిలెయ్యండి, పగడపు దిబ్బల దగ్గరి పెద్ద వేటచేపలేవైనా అంతే. సిగ్వటెరా అనే విషం ఉంటుంది వాటిల్లో, ఉడికించినా వేయించినా పోదు, రుచిలో తెలీదు. లాబ్‌స్టర్ ఆగస్టు 1 నుంచి మార్చి 31 దాకే పట్టాలి, స్పియర్ గన్ నిషేధం, చేత్తో లాగే హవాయన్ స్లింగ్ మాత్రమే, అదీ బోటుకి చేపల అనుమతి ఉంటేనే. మీరిప్పుడున్న వార్డెరిక్ వెల్స్ పార్కులో ఏదీ పట్టకూడదు, గవ్వ కూడా ఏరకూడదు. ఆ పార్కు 1958లో పెట్టారు, 1986 నుంచి వేట పూర్తిగా బంద్, అందుకే అక్కడ లాబ్‌స్టర్లు మనుషుల్ని చూసి పారిపోవు.

అట్లాంటా_అబ్బాయి
ఒక డౌట్ అండీ, డబ్బుల సంగతి ఎలా? నేను వెళ్తే ఖర్చులో వాటా ఇవ్వాలా, ఇస్తే తప్పుపడతారా?

లంగరు_వేశాం
కిరాణా ఖర్చు పంచుకోవచ్చు, బయట ఒక పూట భోజనం పెట్టించొచ్చు, డీజిల్ పోయించొచ్చు. రోజుకింత అని రేటు పెట్టి తీసుకుంటే మాత్రం అది చార్టర్ (అద్దె బోటు వ్యాపారం) కిందకొస్తుంది, క్రూయిజింగ్ పర్మిట్ దానికి కాదు, ఇన్సూరెన్స్ కూడా పోతుంది. డబ్బుకంటే ఎక్కువ ఉపకారం ఏంటో చెప్పనా, సామాన్లు మోసుకురావడం. ఇంజను పంపులో వేసే ఇంపెల్లర్లు, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే వాటర్‌మేకర్ ఫిల్టర్లు ఇక్కడ దొరకవు, దొరికినా రెట్టింపు. బిల్లులూ పర్మిట్ కాపీ పట్టుకుని రావాలి, కస్టమ్స్‌లో దాచకుండా చూపించాలి. లైఫ్ జాకెట్ గ్యాస్ సిలిండర్లకి విమానం వాళ్ళ పర్మిషన్ ముందే కావాలి, ప్రమాదంలో వెలిగించే ఫ్లేర్లు అస్సలు తేకూడదు, లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు.

కోనసీమ_పిల్ల
ఇక్కడ నేనొకటి చెప్పాలి. వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ మీరే చేస్తే తనకి బాధగా ఉంటుంది, ఏం ముట్టుకుంటే ఏమవుతుందోనని ముడుచుకుపోతుంది. నాకు మూడో రోజు డింగీ తాడు కట్టే పని ఇచ్చారు, ఆ రోజు నుంచే నేను ఆ బోటు మనిషినయ్యాను.

విశాఖ_రేవు
ఒప్పుకోను తల్లీ, పూర్తిగా కాదు. సెలవుకి వచ్చిన మనిషి అలసిపోయి వస్తుంది, రెండు రోజులు నిద్రపోనివ్వండి. పని అడిగినప్పుడు ఇవ్వండి, అడక్కముందు వద్దు.

తెరచాప_సంసారం
అందరికీ మళ్ళీ నమస్కారం, ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, తను నిన్ననే విమానమెక్కింది.

లంగరు అన్నయ్య చెప్పినట్టే మేం ముందే వచ్చి కూర్చున్నాం. తను టాక్సీ దిగి డింగీ డాక్ మీద నిలబడి నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మా ఆయన బ్యాగులకి ప్లాస్టిక్ కవర్లు తొడుగుతూ ఉన్నాడు. ఫిల్టర్లు, ఇంపెల్లరు, వాళ్ళమ్మ పెట్టిన గోంగూర పచ్చడి అన్నీ తెచ్చింది. కస్టమ్స్‌లో బిల్లులు చూపించింది, ఏ గొడవా లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రేడియోలో ఛానల్ 72 మీద క్రూయిజర్ల నెట్, అంటే బోట్లవాళ్ళందరి కబుర్లు ఉంటాయి కదా, వాతావరణం అయ్యాక కొత్తగా వచ్చినవాళ్ళని మాట్లాడమంటారు. మైకు దాని చేతికిచ్చాను. బోటు పేరు చెప్పి, నేను షార్లెట్ నుంచి, అసలు గుంటూరు నుంచి వచ్చాను, ఇదే మొదటిసారి బోటెక్కడం అంది, వరసగా ఎవరెవరో బోట్లవాళ్ళు వెల్‌కమ్ చెప్పారు, ఒకాయన తను ఎప్పుడో వైజాగ్ పోర్టుకి వచ్చానని కూడా చెప్పాడు. ఆ పూటంతా దాని మొహం వెలిగిపోతూనే ఉంది. విశాఖ_రేవు గారూ, రేడియో భయం అలా పోయింది, మీ కాగితం కూడా అంటించాం, తెలుగులోనే.

వారం మధ్యలో ఫ్రంట్ వచ్చింది. స్టానియెల్ వైపు వెళ్ళి ఉంటే సరిగ్గా అప్పుడు పడమటికి తెరిచిన చోట ఉండేవాళ్ళం. ఇక్కడ ముందు రోజే స్టాకింగ్ ఐలండ్ నుంచి రెడ్ షాంక్స్ అనే గాలి తగలని చోటికి మారిపోయాం, చుట్టూ బోట్లు కిక్కిరిసి ఉన్నాయి గానీ నీళ్ళు చదునుగా ఉన్నాయి. రాత్రి గాలి వాయవ్యానికి తిరిగినప్పుడు మాతో పాటు లేచి కూర్చుంది, కోనసీమ_పిల్ల చెప్పినట్టు గొలుసు మీద చెయ్యి పెట్టి చూసింది, వణుకు లేదు అని తనే చెప్పి మళ్ళీ వెళ్ళి పడుకుంది. గాలి తగ్గేదాకా ఎక్కడికీ వెళ్ళలేదు, పప్పుచారు కాచుకుని హాస్టల్ కబుర్లు చెప్పుకున్నాం. నన్నడిగితే తను వచ్చింది ఆ రెండు రోజుల కోసమే. ఏ దీవి చూపించినా అంత తీరిక దొరికేది కాదు.

గాలి తగ్గాక కారు అద్దెకి తీసుకుని లిటిల్ ఎక్సుమా వెళ్ళాం, కర్కాటక రేఖ పోయే బీచ్ ఉంది అక్కడ, ఇసుక మీద గీత గీసి ఒక కాలు ఇటు ఒక కాలు అటు పెట్టి ఫోటో దిగింది, చిన్నప్పుడు సోషల్ మ్యాపులో గీసిన గీత మీద నిలబడ్డానే అని ఒకటే సంబరం. పందుల్ని టూర్ బోటులో ఒక్కతే వెళ్ళి చూసొచ్చింది. తర్వాత మంచి ఆగ్నేయ గాలి ఉన్న రోజున హార్బర్ బయటికి సౌండ్‌లోకి తీసుకెళ్ళి ఇంజను ఆపేశాం. మెక్లిజిన్ వేసుకుంది, చుక్కాని దానికే ఇచ్చాం, మధ్యాహ్నం దాకా వదల్లేదు. చేప మాత్రం పడలేదు పులుసు గారూ, ఒడ్డున ఒకాయన దగ్గర గ్రూపర్ కొని పులుసు పెట్టాం, మీరు చెప్పినట్టు గరిటె పెట్టకుండా.

పని ఇవ్వాలా వద్దా అన్నదానికి, విశాఖ_రేవు గారి మాటే నడిచింది మొదట, తర్వాత తనే డింగీ దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకుంది. ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

అట్లాంటా_అబ్బాయి
చదువుతుంటే నాకూ వెళ్ళాలనిపిస్తోంది అండీ. నెక్స్ట్ జూన్‌లో మా కజిన్ రమ్మంటున్నాడు, అదే ఏరియా, వెళ్ళొచ్చా?

లంగరు_వేశాం
జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్, చాలా బోట్ల ఇన్సూరెన్స్ ఆ నెలల్లో అక్కడ ఉండనివ్వదు, మీ కజిన్ బోటు అప్పుడు ఎక్కడ ఉంటుందో ముందు అది అడగండి. ఏప్రిల్‌కి మార్చుకుంటే ఇంకా మంచిది, ఫ్రంట్లు తగ్గుతాయి, జార్జ్‌టౌన్‌లో ఫ్యామిలీ ఐలండ్ రెగట్టా ఉంటుంది, 1954 నుంచి జరుగుతోంది, బహామాస్‌లో కట్టిన చెక్క పడవల పోటీ. మనుషులే పక్కకి పొడుచుకొచ్చిన పలక మీదికి పాకి పడవని నిలబెడతారు, చూసి తీరాలి.

గుంటూరు_గోంగూర
@తెరచాప_సంసారం గారూ, ఆ చేతి షవర్ మీరూ పెట్టించారా? మా ఆయన బోటు కొంటానంటున్నాడు, నా మొదటి షరతు అదే.

తెరచాప_సంసారం
పెట్టించామండీ, తను రావడానికి ముందే. వాష్‌బేసిన్ కుళాయికి పోయే మంచినీళ్ళ గొట్టానికి ఒక టీ ముక్క, దాని తర్వాత ఒక చిన్న వాల్వు, ఆ తర్వాత మామూలు హెల్త్ ఫాసెట్. ఆ వాల్వు తప్పకుండా పెట్టించండి, వాడాక ప్రతిసారీ కట్టెయ్యాలి, లేకపోతే గొట్టం ఎక్కడ కారినా ప్రెషర్ పంపు ఆగకుండా తిరిగి ట్యాంకు నీళ్ళన్నీ బిల్జ్‌లోకి, అంటే బోటు అడుక్కి పోతాయి. షవర్ కింద జాలీకి పాత నైలాన్ సాక్సు ముక్క తొడిగాం, వెంట్రుకలన్నీ అందులోనే ఆగుతాయి, రెండు రోజులకోసారి తీసి దులిపేస్తే చాలు.